టామస్ హిల్ గ్రీన్ ఆచార్యుని జీవితము

తత్త్వశాస్త్రము బోధించిన ఆచార్యుల చరిత్రలలో కథ స్వల్పము. వారు చదివిరి, బోధించిరి, గ్రంథములు వ్రాసిరి, గతించిరి. చెప్పదగినది ఇంతియే యని పెక్కురు తలంతురు. యుద్ధములు గెలిచినవారి చరిత్రలవలెను, సముద్రములు దాటి క్రొత్త దేశములు కనుగొన్నవారి చరిత్రలవలెను అవి బాలుర నాకర్షింపవు. అయినను మేమీ సంచికకు ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమున నీతిశాస్త్రాచార్యుడై యుండిన టామస్ హిల్ గ్రీన్ గారి చరిత్రమునే ఎన్నుకొంటిమి. మనుష్యునకు స్వేచ్ఛ యనగా నేమి యను ప్రశ్నను ఆయన తరగతి గదిలో అడిగెను. దాని యుత్తరమును వెదకుచు పురపాలక సంఘపు సభకును బీదల వీథులకును నడచిపోయెను. ఆయన చెప్పిన యుత్తరము సరియైనదా కాదా యను వాదము ఆయన గతించి నూటనలువది యేండ్లు దాటినను ముగియలేదు.

గ్రీన్ గారు 1836 వ సంవత్సరము ఏప్రిల్ 7 వ తేదీన ఇంగ్లండులోని యార్కుషైరు మండలమున బర్కిన్ అను పల్లెలో జన్మించెను. తండ్రి వాలెంటైన్ గ్రీన్ గారు ఆ గ్రామ దేవాలయమునకు గురువు. బిడ్డలలో కడపటివాడగు టామసునకు ఏడాది వయస్సు వచ్చునప్పటికే తల్లి మరణించెను. పదునాలుగవ యేటివరకు తండ్రియే ఆయనకు చదువు చెప్పెను. పిమ్మట 1850 లో రగ్బీ పాఠశాలకు పంపబడెను.

రగ్బీలో ఆయన పేరుపొందిన విద్యార్థి కాడు. ఉపాధ్యాయులాయనను మందబుద్ధి యనలేదు గాని సోమరి యనిరి. తనకు రుచింపని పాఠమును నేర్చుకొనుటకు మనస్సు వంగెడిది కాదు. ఆటలయందును మిక్కిలి యాసక్తి లేదు. అయితే ఒకమారు మిల్టను మహాకవి పత్రికాస్వాతంత్ర్యమును గూర్చి వ్రాసిన గద్యమునుండి ఒక భాగమును లాటినులోనికి మార్చవలసిన పరీక్ష వచ్చినప్పుడు, ఆ బహుమానము గ్రీనునకే దక్కెను. తరగతిలో ముందుండువారు పలువురుండగా వెనుక బల్లవానికి అది దొరకుట అందరకు వింతయయ్యెను. మాకు మాత్రము వింతగా లేదు. స్వాతంత్ర్యమను మాట వినబడినప్పుడే ఆ బాలుని సోమరితనము వదలిపోయినట్లున్నది. తరువాతి జీవితమంతయు నటులే నడచినది.

1855 లో ఆయన ఆక్సుఫర్డులోని బేలియల్ కళాశాలలో చేరెను. అచ్చట బెంజమిన్ జోవెట్ అను ప్రసిద్ధ పండితుడు ఆయనకు గురువు. మొదటి పరీక్షలో రెండవ తరగతి మాత్రమే వచ్చెను. జోవెట్ గారి హెచ్చరికలు పనిచేసినవి కాబోలు, 1859 లో గ్రీకు, లాటిను గ్రంథములలోను తత్త్వశాస్త్రములోను జరిగిన కడపటి పరీక్షయందు ప్రథమ శ్రేణి లభించెను. కొలది కాలమునకే ధర్మశాస్త్రము, నవీన చరిత్ర అను విషయములలో మూడవ తరగతి వచ్చెనని కూడ చెప్పవలయును. మహనీయుల మార్కుల పట్టికలు ఎల్లప్పుడు బంగారువి కావు. 1860 లో ఆ కళాశాలకే ఫెలోగా ఎన్నుకొనబడెను.

ఆ కాలమున ఆక్సుఫర్డులో బోధకులు చాలవరకు గురుపట్టము పొందినవారు. గ్రీన్ గారు గురువు కుమారుడై యుండియు, దైవభక్తి గలవాడై యుండియు, ఆ పట్టము స్వీకరింపలేదు. అద్భుతములను గూర్చియు సిద్ధాంత వాక్యములను గూర్చియు ఆయన మనస్సునకు సందేహము లుండెను. నమ్మని మాటను నమ్మితినని పలుకుట ఆయనకు సాధ్యము కాలేదు. అయినను విశ్వాసమును విడిచినవాడు కాడు. 1870 లోను 1877 లోను తన విద్యార్థులకు ఆయన చేసిన రెండు ప్రసంగములు, గురుపట్టము లేనివాడు చేసినవే యైనను, పెక్కుమంది యువకుల విశ్వాసమును నిలిపినవని చెప్పుదురు. ఆయనవద్ద చదివినవారిలో చార్లెస్ గోర్, హెన్రీ స్కాట్ హాలండ్ అనువారు తరువాత ఇంగ్లండు సంఘములో పేరుగాంచిన పెద్దలైరి. వారు గురువు సందేహములను స్వీకరింపలేదు. ఆయన గంభీరతను స్వీకరించిరి.

1864 లో స్కాట్లండులోని సెంట్ ఆండ్రూసు విశ్వవిద్యాలయమున నీతిశాస్త్రాచార్య పదవికి ప్రయత్నించెను గాని అది లభింపలేదు. ఆ నిరాశ వెనుకనే ఆయన జీవితమునకు ముఖ్యమగు మలుపు వచ్చెను. ఇంగ్లండులోని మధ్యతరగతి పాఠశాలల స్థితిని విచారించుటకు ప్రభుత్వమువారు ఒక విచారణ సంఘమును నియమించిరి. గ్రీన్ గారు దానికి సహాయ విచారణాధికారియై 1865, 1866 సంవత్సరములలో బర్మింగ్‌హామ్ పట్టణమునందును, వార్విక్, స్టాఫర్డు మండలములందును పాఠశాలలు తిరిగి చూచెను. పూర్వపు దాతలు బీదపిల్లల చదువునకై ఇచ్చిన మాన్యములు కొన్నియెడల వ్యర్థమగుచుండుటయు, కొన్నియెడల కలిగినవారి పిల్లలకే ఉపయోగపడుచుండుటయు కన్నులార చూచెను. తెలివిగల కూలివాని కుమారుడు ప్రాథమిక పాఠశాలనుండి విశ్వవిద్యాలయము వరకు ఎక్కిపోవుటకు నడుమ మెట్లే లేవని గ్రహించెను. 1868 లో వెలువడిన ఆ సంఘమువారి నివేదిక పాఠశాలలను మూడు శ్రేణులుగా నేర్పరుపవలెనని సూచించెను. మొదటి శ్రేణిలో 18, 19 ఏండ్ల వరకు, రెండవదానిలో 16 వరకు, మూడవదానిలో 14 వరకు చదువు. ఆ సూచనలు చాలవరకు కాగితము మీదనే నిలిచిపోయినవి. గ్రీన్ గారు మాత్రము వానిని మరువలేదు.

1866 లో బేలియల్‌కు తిరిగి వచ్చి బోధకుడయ్యెను. 1870 లో జోవెట్ గారు కళాశాలాధ్యక్షుడు కాగా, కళాశాల నిర్వాహభారములో అధికభాగము గ్రీన్ గారిపై పడెను. 1871 లో షార్లట్ సైమండ్స్ అను విదుషిని వివాహమాడెను. ఆమె ప్రసిద్ధ రచయితయగు జాన్ ఆడింగ్టన్ సైమండ్సునకు చెల్లెలు.

ఇక ఆయన బోధించిన తత్త్వమును గూర్చి. ఇది కొంచెము కఠినము. చిన్న తరగతుల బాలురు ఈ భాగమును అన్నలచేత చెప్పించుకొందురుగాక. అప్పటి ఇంగ్లండులో హ్యూము పండితుని మార్గమే బలముగా నుండెను. మన జ్ఞానమంతయు ఇంద్రియములకు తగులు అనుభవముల వరుస యనియు, మన కార్యములన్నియు సుఖమును కోరి దుఃఖమును తప్పించుకొనుటకే యనియు ఆ మార్గమువారు చెప్పుచుండిరి. గ్రీన్ గారు హ్యూము గ్రంథమును 1874 లో మిత్రునితో గూడ ప్రకటించుచు, దానికి సుమారు 300 పుటల పీఠిక వ్రాసెను. స్నేహముతో గ్రంథమును ముద్రించి, దానినే ఖండించుటకు ఇంత పీఠిక వ్రాసినవారు అరుదు! ఆయన వాదము సంగ్రహముగా నిది. ఒకదాని తరువాత నొకటి వచ్చి పోవు అనుభవములు తమ్ముతాము ఒక వరుస యని యెరుగజాలవు. పూసలను దండయని చెప్పుటకు వానిని కూర్చు దారము వలయును. మనలో నున్న చైతన్యమే ఆ దారము. అది కాలములో వచ్చిపోవు సంగతులలో ఒకటి కాదు. ఇట్టి చైతన్యము మనకు కలుగుటకు మూలముగా విశ్వమంతటిని ఒక్కటిగా నిలుపు నిత్యచైతన్యము కలదని ఆయన నిశ్చయించెను. (పూసల పోలిక మాది, ఆయన రచనలో ఇంత సులభమగు పోలికలు దొరకవు.)

ఈ మార్గము జర్మనీ దేశపు కాంటు, హెగెల్ అను తత్త్వవేత్తలనుండి ఆయన గ్రహించినది. పీఠిక చివర, 25 ఏండ్లు నిండని తన దేశపు యువకులు అప్పటి ప్రసిద్ధ ఆంగ్ల గ్రంథములను కట్టిపెట్టి, ఆ యిద్దరు జర్మను పండితులను చదువవలెనని హితవు చెప్పెను. ఆక్సుఫర్డు యువకు లనేకులు ఆ హితవు నాలించిరి. అయితే గ్రీన్ గారు హెగెలునకు దాసుడు కాడు. హెగెల్ మతమున వ్యక్తి రాజ్యములో కరగిపోవునేమో యను భయము ఆయనకుండెను. రాజ్యమైనను, జాతియైనను, అందలి మనుష్యుల జీవితము కంటె వేరుగా ఒక శ్రేయస్సు కలది కాదని ఆయన స్పష్టముగా వ్రాసెను.

నీతిశాస్త్రమున ఆయన ఇచ్చిన ఉదాహరణము మన పాఠశాలలో ప్రతి బాలుడు ఎరిగినదే: చిక్కుడుకాయల వంటకమునకు తన జ్యేష్ఠత్వమును అమ్ముకొనిన ఏశావు కథ. ఏశావుచేత ఆ పని చేయించిన దేది? ఆకలి యని మనము తొందరపడి చెప్పుదుము. గ్రీన్ గారు కాదనెను. ఆకలి మృగమునకును కలదు. మృగము ఆకలిచేత ఈడ్వబడును. దానిని మనము నిందింపము. ఏశావు ఆ క్షణమున ఆకలి తీరి తృప్తుడైన తన్ను తన మనస్సులో చూచుకొని, ఇదియే నాకు మేలు అని దానితో తన్నుతాను ఏకము చేసికొనెను. ఆ నిశ్చయము ఆకలిది కాదు, ఏశావుదే. కనుకనే తరువాత అతడు పశ్చాత్తాపపడుటలో అర్థమున్నది. ఆకలియే చేసినదైన యెడల అతడు తన్ను నిందించుకొనుటకు కారణమేమి? ఇట్లు ప్రతి మనుష్యుడు తాను కోరు ప్రతి వస్తువునందును ఒకవిధమగు తన్నే కోరుచున్నాడు. తాగుబోతును భక్తుడును ఇరువురు తృప్తినే వెదకుదురు. ఒకడు దొరకని చోట వెదకును.

మరి నిజమైన తృప్తి యెచ్చట దొరకును? ఇతరులకు లేకుండ నాకు మాత్రమే దొరకు మేలు నిజముగా నాకును మేలు కాదనియు, అందరు పాలుపంచుకొనదగిన శ్రేయస్సే మనుష్యుని స్వభావమునకు సిద్ధి కలిగించుననియు ఆయన బోధించెను. ఇచ్చట గ్రీకులను మన కాలపువారితో పోల్చిన తీరు మాకు మిక్కిలి నచ్చినది. ధైర్యము, ఇంద్రియనిగ్రహము అను సుగుణములు గ్రీకులకును తెలియును. కాని వారి పొరుగువాడు తోటి పౌరుడు మాత్రమే. బానిస ఆ వలయమునకు బయటివాడు. పొరుగువాడెవడను ప్రశ్నకు ఉత్తరము మనుష్యజాతియంత విశాలమైన కొలదిని, అదే నిగ్రహము అదే ధైర్యము మనలను ఎక్కువ త్యాగము అడుగును. సుగుణముల పేర్లు మారలేదు. వాని వెల పెరిగినది.

ఆ వెలను ఆయన స్వయముగా చెల్లించెనా? 1874 లో ఆక్సుఫర్డు స్కూలు బోర్డుకు సభ్యుడయ్యెను. 1876 లో పురపాలక సంఘమునకు ఎన్నికయ్యెను. విశ్వవిద్యాలయము తరఫున సభలో కూర్చుండు పండితులు లేకపోలేదు. పురజనుల వోట్లతో, పురజనుల ప్రతినిధిగా కూర్చుండిన బోధకుడు ఆయనయే మొదటివాడు. ఆక్సుఫర్డులో పట్టణమునకును విద్యాపీఠమునకును నడుమ తరతరముల వైరముండెనని యెరిగినవారికి ఇది ఎంత క్రొత్తయో తెలియగలదు. పగలు కాంటును బోధించి, సాయంకాలము మురుగు కాలువలను గూర్చియు పాఠశాల పన్నులను గూర్చియు వర్తకులతో కలసి చర్చించెడివాడు. ఆయన మితభాషి, వేషము నిరాడంబరము. మేధావి ఇట్టి చిల్లర పనులకు కాలము వెచ్చించుట తగదని అనుకొనిన మిత్రులును ఉండిరి. ఆయన గ్రంథము అసంపూర్ణముగా మిగిలినది చూచిన, వారి మాటలోను కొంత న్యాయము లేకపోలేదు.

మద్యపానమును గూర్చి ఆయనకు తీవ్రమగు పట్టుదల యుండెను. 1872 లో మద్యవిక్రయమును అరికట్టుటకు పాటుపడు సంఘమున చేరెను; 1875 లో ఆక్సుఫర్డు బీదల పేటయగు సెంట్ క్లెమెంట్సులో సారాయంగడికి బదులుగా కూర్చుండుటకు ఒక కాఫీ దుకాణము తెరపించెను. ఆక్సుఫర్డు పట్టణమునకు పార్లమెంటు సభ్యుడును, గ్రీన్ గారి పక్షమువాడే యైన విలియం హార్‌కోర్టుతో 1873 లో ఈ విషయమున ఆయనకు వివాదము కలిగెను. త్రాగుటయో మానుటయో ఎవరి యిష్టము వారిది, శాసనము అందు జోక్యము చేసికొనుట స్వేచ్ఛకు భంగమని హార్‌కోర్టు పక్షము. ఇది తోసిపుచ్చదగిన మాట కాదు.

గ్రీన్ గారి పూర్ణమైన యుత్తరము 1881 జనవరిలో లెస్టరు పట్టణమున ఇచ్చిన ఉపన్యాసములో నున్నది. ఎవరును అడ్డు చెప్పకుండుటయే స్వేచ్ఛ కాదు. చేయదగిన పనిని, అనుభవింపదగిన మేలును, ఇతరులతో కూడ చేయుటకును అనుభవించుటకును గల శక్తియే స్వేచ్ఛ యని ఆయన సిద్ధాంతము. ఆకలితో నున్న ఐర్లండు రైతు భూస్వామితో చేసికొను ఒడంబడికను స్వేచ్ఛతో చేసినదనుట మాటకు మాత్రమే సరి. ప్రాణహానిగల యంత్రశాలలో పనికి ఒప్పుకొను కూలివాని ఒప్పుదలయు నట్టిదే. తన్నుతాను బానిసగా అమ్ముకొను పత్రమును, ఇరుపక్షములును ఇష్టపడి వ్రాసికొనినను, ఏ న్యాయస్థానమును చెల్లుననదు. ఒడంబడికకు హద్దు కలదని అందరును అచ్చటనే ఒప్పుకొనియున్నారు గదా యని ఆయన వాదము. అయినను శాసనము మనుష్యుని నీతిమంతుని చేయజాలదని ఆయన గట్టిగా నమ్మెను. భయముచేత చేసిన మంచిపని మంచితనము కాదు. శాసనము చేయగలిగినది త్రోవలోని ఆటంకములను తొలగించుట మాత్రమే, నడువవలసినవాడు మనుష్యుడే.

పాఠశాల లేకుండుట ఆటంకమే. దానిని తొలగించుట అందరకు సమ్మతము. సారాయంగడి ఆటంకమా, లేక కేవలము శోధనయా? శోధనలన్నింటిని శాసనము తీసివేసినచో మనుష్యుడు దేనిని జయించి నీతిమంతుడగును? ఇచ్చట గ్రీన్ గారి సూత్రము కొంత బిగువు సడలినదని మాకు తోచుచున్నది. తాగుబోతు భార్యాబిడ్డల స్వేచ్ఛను లెక్కింపుడని ఆయన పక్షమువారు బదులు చెప్పుదురు. దానిని కాదనుట కష్టము. 1958 లో అదే ఆక్సుఫర్డులో ఆచార్య పదవి స్వీకరించుచు ఐజయా బెర్లిన్ పండితుడు చేసిన ఉపన్యాసములో, నిజమైన స్వేచ్ఛ పేరు చెప్పి నిరంకుశులు జనులను బంధింపవచ్చునని హెచ్చరించెను. గ్రీన్ గారు నిరంకుశుల మిత్రుడని ఎవరును అనలేదు; ఆయన ఆయుధము వారి చేతికి చిక్కునా యనునదే ప్రశ్న.

1878 లో విశ్వవిద్యాలయమువా రాయనను నీతిశాస్త్రమునకు వైట్ ఆచార్యునిగా నియమించిరి. అప్పటికే హృదయమునకు జబ్బు కలదని తెలిసియుండెను. స్త్రీలకు ఆక్సుఫర్డు చదువు తెరపించుటకు పాటుపడినవారిలో ఆయనయు నొకడు. 1879 లో సోమర్‌విల్ అను స్త్రీల విద్యాశాల వెలసెను. పట్టణపు బాలురకై ఒక ఉన్నత పాఠశాల వలెనని ఆయన చిరకాలము చేసిన కృషి 1881 లో ఫలించెను. దానికి సొంత ధనమిచ్చుటయే గాక, వీలునామాలో విద్యార్థి వేతనమునకును సొమ్ము వ్రాసెను. ఆ పాఠశాల 1966 వరకు నడచెను. అరేబియా లారెన్సని లోకము పిలుచు యోధుడు బాల్యమున అచ్చటనే చదివెను.

1882 మార్చిలో రక్తము విషపూరితమగు వ్యాధిచే గ్రీన్ గారు మంచము పట్టి, కొలది దినములకే, 26 వ తేదీన, 46 ఏండ్లు నిండుటకు 12 దినములు తక్కువగా పరమపదించెను. నీతిశాస్త్రమునకు పీఠికగా వ్రాయుచుండిన మహాగ్రంథము దాదాపు పూర్తియైనను ముగియలేదు. దానిని శిష్యుడగు ఎ. సి. బ్రాడ్లీ గారికి అప్పగించెను. షేక్‌స్పియరు నాటకములపై తరువాత ప్రసిద్ధ విమర్శ వ్రాసినవాడు ఇతడే. గ్రంథము 1883 లో వెలువడెను.

శిష్యులలో ఆర్నాల్డ్ టాయిన్‌బీ, మన దేశమునకు రాబోవు సివిలు సర్వీసు అభ్యర్థులకు బేలియల్‌లో బోధకుడై యుండి, బీదలకై పాటుపడుచు 30 వ యేటనే 1883 లో గతించెను. లండను బీదల పేటలో 1884 లో స్థాపింపబడిన టాయిన్‌బీ మందిరము ఆయన పేరిటిది. ఆస్క్విత్ గారు 1908 లో ప్రధానమంత్రి అయ్యెను. అదే యేట వృద్ధులకు పింఛనుల శాసనము పుట్టెను. అది గ్రీన్ గారి బోధకు ఫలమనుట కొంత అతిశయోక్తి. ఆ గాలిలో ఆయన మాటయు కలసియుండెననుట న్యాయము. రగ్బీనాటి మిత్రుడగు హెన్రీ సిజ్‌విక్ మాత్రము కడవరకు ఆయన మతమును ఖండించుచునే యుండెను, స్నేహము చెడలేదు. 1903 తరువాత ఇంగ్లండులో తత్త్వమార్గము మారి, నిత్యచైతన్యమును గూర్చిన వాదము వెనుకబడెను.

ఆంధ్రులకు ఆసక్తి గొలుపు సంగతి యొకటి కలదు. బేలియల్‌లో గ్రీన్ గారి ప్రభావమున పెరిగిన జె. హెచ్. మూర్‌హెడ్ గారు తత్త్వగ్రంథమాల నొకదానిని నడపెను. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, వేదాంతమున నీతికి తావు కలదని చూపుచు 1908 లో వ్యాసము ప్రకటించిన సర్వేపల్లి రాధాకృష్ణ పండితుని భారతీయ తత్త్వశాస్త్ర చరిత్ర ఆ మాలలోనే 1923, 1927 సంవత్సరములలో వెలువడెను. రాధాకృష్ణ గారు 1931 నుండి 1936 వరకు వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడై యుండి, 1936 లో ఆక్సుఫర్డునకే ఆచార్యుడై వెళ్లెను. సమకాలిక భారతీయ తత్త్వజ్ఞుల వ్యాసములను ఆ యేటనే ఆయనయు మూర్‌హెడ్ గారును కలసి సంకలనము చేసిరి.

గ్రీన్ గారికి సంతానము లేదు. భర్త మరణానంతరము షార్లట్ గారు రోగుల సేవకై దాదిపని నేర్చుకొని ఆక్సుఫర్డు బీదలకు ఉపచారములు చేసెను. సోమర్‌విల్ విద్యాశాల పాలకవర్గములో చిరకాలము పనిచేసెను. ఆమె 1929 వరకు జీవించెను.